రక్షణ పొందిన తేదీ రాయమన్నారు: నా బాప్తిస్మం అనుభవం

మొన్న 2025 ఏప్రిల్ 20, ఈస్టర్ ఆదివారం పొద్దున ఒంగోలులో బాప్తిస్మం తీసుకున్నాను. నాకు 39 ఏళ్లు. పుట్టింది హిందూ కుటుంబంలో, ఓసీ. చీమకుర్తి గ్రానైట్ మీద నడిచే ఒక కంపెనీలో లెక్కలు రాస్తాను. ఇటు రాకముందు చాలా సాక్ష్యాలు, అంటే తామెలా నమ్మామో చెప్పుకునే అనుభవాలు, విన్నాను. ప్రతి దాంట్లోనూ డాక్టర్లు చేతులెత్తేసిన జబ్బో, అప్పులో, పురుగుమందు డబ్బానో ఉండేది. ఆ తర్వాత ఒక వెలుగు కనపడేది. నాకు అవేవీ లేవు. బీపీ కూడా లేదు. అలాంటివాడు నమ్మితే అసలేం జరుగుతుందో నాకెక్కడా దొరకలేదు, అందుకే ఇది.

2023 డిసెంబరులో మా స్టోర్స్‌లో పనిచేసే పెద్దాయన తన ఇంట్లో సెమీ క్రిస్మస్ పెట్టి ఆఫీసు వాళ్లందరినీ పిలిచారు. బిర్యానీ కోసమే వెళ్లాను. వచ్చేటప్పుడు చేతిలో చిన్న కొత్త నిబంధన పెట్టి, "యోహాను దగ్గర మొదలుపెట్టండి సార్. మత్తయి దగ్గర మొదలుపెడితే మొదటి పేజీలో ఆ పేర్ల వరస చూసి మూసేస్తారు" అన్నారు. తర్వాత మత్తయి తెరిచి చూస్తే ఆయన చెప్పింది నిజమే.

సంక్రాంతి సెలవుల్లో చదివాను. పాత గ్రాంథికం, నోరు తిరగడానికి కాస్త టైం పట్టింది. మొదటి అధ్యాయం 12వ వచనం దగ్గర ఆగాను. "తన్ను ఎందరంగీకరించిరో వారికందరికి, అనగా తన నామమునందు విశ్వాసముంచినవారికి, దేవుని పిల్లలగుటకు ఆయన అధికారము అనుగ్రహించెను." ఆగింది ఆనందంతో కాదు, అనుమానంతో. నేను కొన్నేళ్లు వరసగా అయ్యప్ప మాల వేసుకున్నవాణ్ని. 41 రోజులు చన్నీళ్ల స్నానం, నేల మీద పడక, ఇరుముడి కట్టుకుని ప్రయాణం. కొండ దిగేటప్పుడు ఇంత చేశానని ఒక తృప్తి ఉండేది. ఇక్కడ చెయ్యడానికేమీ లేదు. నమ్మినవాళ్లు పిల్లలట. నా బుర్రకి ఒక పక్క డెబిట్ పడకుండా ఇంకో పక్క క్రెడిట్ ఎలా పడుతుందో ఎక్కలేదు.

పెద్దాయన్ని అడిగితే "కట్టాల్సింది సిలువ మీద కట్టేశారు సార్" అన్నారు. వినడానికి బాగానే ఉంది, లోపలికి దిగలేదు. ఆ మార్చి 29న గుడ్ ఫ్రైడేకి వాళ్ల సంఘానికి, అంటే చర్చికి, వెళ్లాను. మధ్యాహ్నం మూడు గంటలసేపు యేసు సిలువ మీద పలికిన ఏడు మాటల మీద ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు. ఎండ, ఫ్యాన్లు చాలడం లేదు, సగంలో లేచి వచ్చేద్దామనుకున్నాను. నాలుగో మాట చెప్పినావిడ ఎవరో రిటైరైన టీచరు. "నా దేవా, నా దేవా, నన్నెందుకు చెయ్యి విడిచితివి" అని చదివి, ఎక్కువ వివరించకుండా, "సొంత కొడుకు అన్న మాట ఇది" అని కూర్చున్నారు. నేను వెతుకుతున్న డెబిట్ అదేనని అప్పుడు తోచింది. కొడుకు చెయ్యి వదిలేస్తేనే నాబోటివాణ్ని పిల్లల్లో కలుపుకోవడం కుదిరింది. ఇంటికొచ్చి ఎవరికీ చెప్పలేదు.

జూన్‌లో ఒక రాత్రి కరెంటు పోయి మేడ మీద పడుకున్నప్పుడు మొదటిసారి నోరు తెరిచి ప్రార్థన చేశాను. "తండ్రీ" అన్నాక గొంతు ఆగిపోయింది. మా నాన్న 2016లో పోయారు. ఆయన పోయాక ఎవరినీ ఆ వరసలో పిలవలేదు. ఆ రాత్రి ఏడుపు వచ్చింది. అది దేవుడి గురించో నాన్న గురించో ఇప్పటికీ విడదీసి చెప్పలేను. "నీ మీద నమ్మకం పెడుతున్నాను, నన్ను నీ బిడ్డగా తీసుకో" అన్నాను. ఆకాశంలో ఏమీ కనపడలేదు. దోమలు కుట్టాయి, కాసేపటికి కరెంటు వచ్చింది, కిందికి వెళ్లి పడుకున్నాను. అది ఏ వారమో, ఏ తేదీయో రాసిపెట్టుకోలేదు. అదే తర్వాత పెద్ద తలనొప్పి అయింది.

జూలైలో ఆ సంఘం పాస్టరు అయ్యగారి దగ్గరికి వెళ్లి బాప్తిస్మం ఇమ్మని అడిగాను. సంతోషంగా వాటేసుకుంటారనుకున్నాను. ఆయన కుర్చీ చూపించి ప్రశ్నలు మొదలుపెట్టారు. మీ ఆవిడ క్రైస్తవురాలా? సంఘంలో ఎవరినైనా చేసుకోవాలనుకుంటున్నారా? అప్పులున్నాయా? ఎవరైనా ఏదైనా ఇస్తామన్నారా? అన్నింటికీ కాదన్నాక, "ఇంట్లో తెలుసా?" అన్నారు. తెలియదన్నాను. "అయితే ముందు ఇంట్లో చెప్పండి. దొంగచాటుగా తీసుకునేది నేనివ్వను. ఆదివారాలు వస్తూ ఉండండి, వచ్చే ఈస్టర్‌కి చూద్దాం" అన్నారు. దాదాపు తొమ్మిది నెలలు! కోపం వచ్చింది. నమ్మితే చాలని రాసి, నీళ్ల దగ్గరికి వచ్చేసరికి ఇంత లైనేమిటి?

స్టోర్స్ పెద్దాయన నా మొహం చూసి క్లౌ దొర సంగతి చెప్పారు. ఒంగోలు వాళ్లకి ఇది తెలిసిన కథే, నేనే ఎప్పుడూ పట్టించుకోలేదు. 1876–78 కరువులో బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలవలో మూడున్నర మైళ్లు తవ్వే కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి చూపించాడు. బాప్తిస్మం ఇమ్మని జనం వెంటపడ్డారు. కూటి కోసం వస్తున్నారేమోనని ఏడాదికి పైగా ఎవరికీ ఇవ్వలేదు. సాయం ఆగిపోయాక, ఇక ఇచ్చేదేమీ లేదు పొమ్మన్నా పోనివాళ్లకి 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఇచ్చారు. ఆ ఒక్కరోజే 2,222 మందికి. ఇద్దరిద్దరు బోధకులు నీళ్లలో దిగి, అలిసిపోతే వేరే ఇద్దరు దిగి, సాయంత్రం దాకా ఇచ్చారట. "వాళ్లు ఆకలితో ఆగారు సార్, మీరు ఏసీలో కూర్చుని ఆగలేరా" అన్నారు. మా ఆఫీసులో ఏసీ మేనేజరు గదిలోనే ఉంటుంది గానీ, మాట తగిలింది.

ఆగస్టులో మా ఆవిడకి చెప్పాను. ఆవిడ చాలాసేపు ఏం మాట్లాడలేదు. "మీ ఇష్టం. నన్నూ పిల్లనీ మాత్రం లాగొద్దు, దేవుడి గది జోలికి రావద్దు" అంది. రానన్నాను, రాలేదు. ఇవాళ్టికీ మా ఇంట్లో శుక్రవారం దీపం వెలుగుతుంది, నేను పక్క గదిలో నా చదువు చదువుకుంటాను. బయటివాళ్లకి ఇది వింతగా ఉంటుంది గానీ, ఇంట్లో ఉన్నవాళ్లకి టిఫిను వేళకి అన్నీ సర్దుకుంటాయి.

అమ్మకి చెప్పడం దసరా దాటేదాకా వాయిదా వేశాను. అక్టోబరులో ఊరెళ్లి, అన్నం తిన్నాక చెప్పాను. ఆవిడ దేవుడి గురించి ఒక్క మాట అడగలేదు. "మీ నాన్నకి తద్దినం ఎవడు పెడతాడ్రా?" అంది. పెద్దకొడుకుని నేను. ప్రతి మాఘమాసంలో నేనే పెడుతున్నాను. ఆ ప్రశ్నకి నా దగ్గర సమాధానం లేదు. తమ్ముడున్నాడుగా అన్నాను. "వాడున్నాడు. నువ్వేమయ్యావు?" అంది. కాసేపాగి, "ఎంతిచ్చారు నీకు?" అని కూడా అడిగింది. తర్వాత మా ఆఫీసులోనూ, బంధువుల ఫోన్లలోనూ అదే ప్రశ్న చాలాసార్లు విన్నాను, నవ్వి వదిలేశాను. అమ్మ నోట విన్నది మాత్రం ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. ఎవరైనా ఈ దారిలో ఉంటే ఆ ప్రశ్నకి ముందే సిద్ధపడండి. అడుగుతారని మనం అనుకోనివాళ్లే ముందు అడుగుతారు.

2025 జనవరి 1న తెల్లవారకముందే సంఘం వాళ్లతో ఒంగోలు ప్రార్థన కొండ ఎక్కాను. 1854లో ఇదే రోజున మిషనరీ జూయెట్ దంపతులూ ఇంకొందరూ ఎక్కి, ఈ ఊరికి బోధకుణ్ని పంపమని ప్రార్థన చేసిన చోటు. చలికి కీర్తన పాడుతుంటే పళ్లు కొట్టుకున్నాయి.

జనవరి 18 నుంచి శనివారం సాయంత్రాలు తరగతులు. విశ్వాసం, మారుమనస్సు, బాప్తిస్మం, ప్రభువు బల్ల, సంఘ నిబంధన, కానుకలు. పుస్తకంలో ఉన్నవి ఉన్నట్టు చెప్పుకుంటూ పోయారు, వాటి గురించి రాయడానికి పెద్దగా లేదు. కానీ నాతో కూర్చున్నవాళ్ల గురించి చెప్పాలి. ఎక్కువమంది ఈ సంఘంలోనే పుట్టి పెరిగిన ఇంటర్ పిల్లలు. వాళ్లకి ఇది పరీక్షలకి ముందు తప్పనిసరి తరగతి. ఒక ముసలమ్మ, కోడలు ముందే నమ్మితే ఆవిడ వెనకే వచ్చింది. ఇంకో కుర్రాడు, గ్రూప్స్‌కి ప్రిపేరవుతున్నవాడు. మా అందరిలోకీ వచనాలు బాగా వచ్చినవాడు అతనే. మార్చిలో మానేశాడు. అతను ఎస్సీ. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైతే ఎస్సీ హోదా ఉండదు. మన రాష్ట్రంలో అలాంటివాళ్లు బీసీ–సి కిందికి వస్తారు, అక్కడ రిజర్వేషను ఒక్క శాతం. ఇంట్లోవాళ్లు కాళ్లు పట్టుకున్నారట. అయ్యగారు అతన్ని బలవంతం చెయ్యలేదు, తిట్టలేదు. "నమ్మకం నీళ్లలో లేదు బాబూ, ప్రార్థన మానకు" అన్నారంతే. నాకు ఈ నీళ్లలో దిగితే సర్కారు దగ్గర పోయేదేమీ లేదు, అతనికి జీవితమే అటూ ఇటూ అవుతుంది. ఇద్దరిదీ ఒకే విశ్వాసం. తరగతిలో కూర్చుని ఈ తేడా మింగుడుపడలేదు, ఇప్పటికీ పడటంలేదు.

ఫిబ్రవరిలో నాన్న తద్దినం వచ్చింది. అప్పటికి నాకు బాప్తిస్మం కాలేదు కాబట్టి ఈ ఒక్కసారికి పెట్టెయ్యమని మా మేనమామ సలహా. అమ్మ కూడా ఆశగా చూసింది. అయ్యగారిని అడిగితే, "మీరు నమ్మింది జూన్‌లో కదా. ఏప్రిల్ దాకా ఎవరి బిడ్డగా ఉందామనుకుంటున్నారు?" అన్నారు. పెట్టలేదు. తమ్ముడు హైదరాబాద్ నుంచి వచ్చి పెట్టాడు. నేను వసారాలో కూర్చున్నాను, లోపల బ్రాహ్మణుడు గోత్రం, మూడు తరాల పేర్లు చెప్పిస్తుంటే వినపడుతూనే ఉంది. ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా బరువైన గంట అదే, నీళ్లలో మునగడం దానిముందు ఏ పాటి? భోజనాలప్పుడు తమ్ముడు నా పక్కన విస్తరి వేయించుకుని కూర్చున్నాడు. అమ్మ వడ్డించలేదు, పిన్ని వడ్డించింది. ఉగాది దాకా అమ్మ నాతో ఫోన్లో మాట్లాడలేదు.

ఏప్రిల్ 5న పెద్దల ముందు పరీక్ష. దానికి ముందు ఒక ఫారం నింపాలి. పేరు, పుట్టిన తేదీ, కింద "రక్షణ పొందిన తేదీ" అని గడి, అంటే యేసుని నమ్ముకున్న రోజు. అది ఖాళీగా వదిలేశాను. నలుగురు పెద్దల్లో ఒకాయనకి అది నచ్చలేదు. "పుట్టినరోజు తెలియని మనిషి ఉంటాడా?" అన్నారు. మా నాయనమ్మకి తెలియదండీ, తుపాను ఏడు పుట్టానని చెప్పేది అన్నాను. అందరూ నవ్వారు, ఆయన నవ్వలేదు. గుడ్ ఫ్రైడే నాడు అర్థమైంది, జూన్‌లో అడిగాను, తద్దినం రోజున తెగించాను, వీటిలో ఏది రాయమంటారు అన్నాను. కాసేపు వాళ్లలో వాళ్లు మాట్లాడుకున్నారు. చివరికి అయ్యగారు "నెల రాయండి చాలు" అంటే జూన్ 2024 అని రాశాను. ఆ తర్వాత అడిగినవి సులభం. ఈ రాత్రి చనిపోతే ఎక్కడికి వెళ్తారు, దేనిని బట్టి? మంచిపనులని బట్టి అని చెప్పినవాళ్లని మళ్లీ అడిగారు.

పేరు గురించి కూడా చర్చ జరిగింది. నా పేరు ఏడుకొండలవాడిది. మార్చుకుని బైబిలు పేరు పెట్టుకోమని ఒకాయన పట్టుబట్టారు. ఆధార్, పాన్, టెన్త్ సర్టిఫికెట్, పిల్ల బర్త్ సర్టిఫికెట్, బ్యాంకు అని నేను లెక్క చెప్పబోతుంటే అయ్యగారు అడ్డుపడి, "పౌలుతో పనిచేసిన అపొల్లో పేరులో గ్రీకుల దేవుడున్నాడు. పౌలు మార్చమన్నాడా?" అన్నారు. అక్కడితో అయిపోయింది.

ఇంకోటి, 100 రూపాయల స్టాంపు పేపరు మీద నోటరీతో అఫిడవిట్ అడిగారు, నా ఇష్టపూర్వకంగానే తీసుకుంటున్నానని. మన రాష్ట్రంలో మతమార్పిడి చట్టమేమీ లేకపోయినా, రేపు ఎవరైనా కేసంటే చేతిలో కాగితం ఉండాలని అయ్యగారి జాగ్రత్త. నోటరీ దగ్గర కుర్రాడు టైపు చేస్తూ తలెత్తి, "ఎంతిస్తారన్నా?" అన్నాడు. స్టాంపు పేపరు, టైపు, సంతకం కలిపి 450 నేనే ఇచ్చానని చెప్పాను.

ఖర్చు అడుగుతారు కాబట్టి అదీ చెప్తాను. సంఘం ఏమీ వసూలు చెయ్యలేదు. తెల్ల లాల్చీ పైజమా 850, పెద్దక్షరాల బైబిలు, స్వీట్లు. కృతజ్ఞత కానుక తప్పనిసరి కాదన్నారు గానీ, కవరు మాత్రం చేతికిచ్చారు. అలవాటు కొద్దీ 1,116 పెట్టాను. లెక్క చూసే పెద్ద ఆ పదహార్లు చూసి నవ్వి, "మా ఇంట్లోనూ ఇంతే" అన్నారు.

ఈస్టర్ రోజు నాలుగు గంటలకల్లా రమ్మన్నారు. ఊళ్లో నీళ్ల ఇబ్బంది, తొట్టి ట్యాంకరుతో ముందురోజే నింపారు. ఏప్రిల్ అయినా ఆ వేళకి నీళ్లు జిల్లుమన్నాయి. తీసుకునేవాళ్లకి కొన్ని మాటలు: తెల్లబట్ట తడిస్తే లోపలిదంతా కనపడుతుంది, మందపాటి బనీను వేసుకోండి. ఆడవాళ్లు చీరకి పిన్నులు ఎక్కువ పెట్టుకోవాలని ముసలమ్మ కోడలు చెప్పింది. రెండో జత బట్టలు, తువ్వాలు, పాత చెప్పులు. తొట్టి మెట్లు నాచు లేకపోయినా జారతాయి. బట్టలు మార్చుకునే గదిలో ఒక పెద్దమనిషి నా నడుము వంక చూసి "మొలతాడు తియ్యలేదా?" అన్నారు. అది అమ్మ కట్టింది. అంత దూరం నేను ఆలోచించలేదు. అయ్యగారికి కబురు పంపితే, "చొక్కా గుండీ లాంటిదే అనుకుంటే ఉంచుకోండి, అదే కాపాడుతుందనుకుంటే తీసెయ్యండి" అని సమాధానం వచ్చింది. నిలబడి నిజాయితీగా ఆలోచించాను. ఉంచుకున్నాను.

నా వంతు వచ్చింది. "యేసుక్రీస్తు నీ సొంత రక్షకుడని నమ్ముచున్నావా?" "నమ్ముచున్నాను." "నీ విశ్వాసపు ఒప్పుకోలును బట్టి తండ్రి యొక్కయు కుమారుని యొక్కయు పరిశుద్ధాత్మ యొక్కయు నామమున నీకు బాప్తిస్మమిచ్చుచున్నాను." ముక్కు మీద చేతిరుమాలు, వెనక్కి వాల్చడం, చెవుల్లో నీళ్లు, పైకి లేపడం. బయట అందరూ పాట ఎత్తుకున్నారు. నాకు చలి తప్ప ఏమీ తెలియలేదు. పక్కనే ఇంటర్ కుర్రాడు వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. నాకెందుకు రావడం లేదని కంగారు. మా ఆవిడ రాలేదు. తమ్ముడు వీడియో కాల్‌లో చూశాడు, నెట్ సరిగ్గా లేక నేను మునిగిన దగ్గర బొమ్మ ఆగిపోయిందట.

ఆ కంగారు రెండు మూడు వారాలు ఉంది. అయ్యగారితో చెప్తే రోమా పత్రిక 8వ అధ్యాయం తీశారు, దేవుని పిల్లలమని ఆత్మే మన ఆత్మతో సాక్ష్యమిస్తాడని ఉన్న చోటు. ఆ సాక్ష్యం ఎలా తెలుస్తుందండీ అన్నాను. "దెబ్బ తగిలినప్పుడు ఎవరిని పిలుస్తారో చూసుకోండి." నేను ఇప్పటికీ "అమ్మా" అనే అంటున్నానని చెప్పాను. ఆయన పడీపడీ నవ్వారు. కానీ రాత్రిళ్లు "తండ్రీ" అనడం మొదట్లోలా గొంతుకి అడ్డం పడటంలేదు, మాట దానంతటదే వచ్చేస్తోంది. నాలో మారిందని నేను ఖాయంగా చెప్పగలిగింది అదొక్కటే. కోపం తగ్గలేదు, మా ఆవిణ్ని అడగండి.

మే 4న మొదటిసారి ప్రభువు బల్లలో కూర్చున్నాను. అంతకుముందు అయ్యగారూ పెద్దలూ సంఘంలో చేర్చుకున్నట్టుగా వరసగా చెయ్యి కలిపి కుడిచేతి సహవాసం ఇచ్చారు, రక్షణ తేదీ అడిగినాయన అందరికన్నా గట్టిగా చెయ్యి పట్టుకున్నారు. చిన్న రొట్టెముక్క, గుక్కెడు ద్రాక్షరసం. నీళ్లలో రాని కన్నీళ్లు అక్కడ వచ్చాయి, ఎందుకో తెలియదు.

సర్టిఫికెట్ జూన్ రెండో వారంలో వచ్చింది. ఇస్తూ సెక్రటరీ గారు "ఇక సమాధుల తోటలో మీకు చోటు ఉన్నట్టే" అన్నారు, శుభవార్త చెప్పినట్టు. ఈ సంగతి అమ్మకి ఇంకా చెప్పలేదు. పూడ్చడమా కాల్చడమా అన్నది మా ఇంట్లో ఇంకో ఏడాది పట్టే పేచీ.

అమ్మ ఇప్పుడు మాట్లాడుతోంది. మొన్న ఆదివారం ఫోన్ చేసి, గుడి నుంచి ఎన్నింటికి వస్తావని అడిగింది. చర్చి అనలేదు, గుడి అంది. వచ్చే మాఘంలో తద్దినానికి తమ్ముడి టికెట్లు, సరుకులు, భోజనాల ఖర్చు నేను పెట్టుకుంటానన్నాను. దానికి సరేనంది. సంఘంలో ఇది తెలిసి రెండు మాటలొచ్చాయి. తల్లిని పోషించడమే కదా అని కొందరు, పిండానికి బియ్యం కొన్నట్టే కదా అని కొందరు. అయ్యగారిని అడిగాను. ఆలోచించి చెప్తానన్నారు. మాఘానికి ఇంకా టైముంది.